ఈ వేసవిలో టీనేజ్ నవలలు మొదలుపెడదామా? వరంగల్ తల్లిదండ్రులు, పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లలతో కూర్చుని కథల పుస్తకాలు చదువుతుంటాను. హనుమకొండ, కాజీపేట, వరంగల్ నుంచి, అప్పుడప్పుడు జనగామ, కరీంనగర్ నుంచి కూడా తల్లిదండ్రులు కొన్ని ప్రశ్నలు అడుగుతుంటారు. పిల్లలు అడిగేవి వేరు. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలున్న ఇళ్లకు ఇది పనికొస్తుంది.

టీనేజ్ నవల అంటే ఏమిటి? పిల్లల కథల పుస్తకానికీ దీనికీ తేడా ఏమిటి?

సుమారు 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం రాసిన నవల. బయట షాపుల్లో 'యంగ్ అడల్ట్' అని రాసి ఉంటుంది. ప్రధాన పాత్రకు కూడా అదే వయసు ఉంటుంది, కథంతా ఆ కళ్లతోనే కనిపిస్తుంది. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుని ముచ్చటపడే ధోరణి ఇందులో ఉండదు. ప్రాణ స్నేహితురాలు మాట్లాడడం మానేస్తే ఆ రోజుకు అన్నం సహించదు, అంతే. 'పెద్దయ్యాక నీకే అర్థమవుతుందిలే' అని రచయిత బుజ్జగించడు.

అమెరికాలో ఎస్.ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' 1967లో వచ్చింది. ఈ రకం నవలలకు దారి చూపిన పుస్తకంగా దాన్నే చెబుతారు. ఆమె అది మొదలుపెట్టినప్పుడు వయసు 15, అచ్చయ్యేసరికి 18. మన దగ్గర రస్కిన్ బాండ్ 'ది రూమ్ ఆన్ ది రూఫ్' రాసింది 17 ఏళ్లకు. డెహ్రాడూన్‌లో, సంరక్షకుడి ఇంట్లో ఇమడలేక బయటికి వెళ్లిపోయే కుర్రాడి కథ అది. 1956లో అచ్చయింది. ఈ రచయితల వయసు చెబితే చాలు, మా దగ్గరికొచ్చే తొమ్మిదో తరగతి పిల్లలు పుస్తకం చేతికి తీసుకుంటారు.

సెలవులు ఎన్ని రోజులు? ఎన్ని పుస్తకాలు అనుకోవాలి?

మన దగ్గర బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులిస్తారు, జూన్ 12న తెరుస్తారు. పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, జ్వరాలు తీసేసినా 45 రోజులు మిగులుతాయి. రోజుకు 20 పేజీలంటే 900 పేజీలు. 150 నుంచి 200 పేజీల నవలలు నాలుగైదు. ఇంతకుముందు పాఠ్యపుస్తకం తప్ప ఏమీ చదవని పిల్లలకు రెండు పూర్తయినా సంతోషమే. అంకె ముందే పెట్టుకోవద్దు. అంకె పెడితే సన్నటి పుస్తకాలు వెతుక్కోవడం మొదలవుతుంది.

మా బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసింది. జూన్‌లో హైదరాబాద్‌లో హాస్టల్. ఇప్పుడు నవలలు చదివితే టైమ్ వేస్ట్ కాదా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, నాకు అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. మన వైపు పదో తరగతి తర్వాత చాలామంది పిల్లలు 15 ఏళ్లకే ఇల్లు వదులుతారు. తెల్లవారుజామున లేవడం, స్టడీ అవర్స్, వారం వారం పరీక్షలు, ర్యాంకుల బోర్డు. ఇంట్లో అమ్మ పక్కన పడుకునే పిల్ల నెల తిరిగేసరికి పదిమంది ఉండే గదిలో ఉంటుంది. ఆ మార్పుకు మనం సూట్‌కేసు, బకెట్, పచ్చళ్ల డబ్బాలు సిద్ధం చేస్తాం. మనసును సిద్ధం చేసే పని ఎవరూ పెట్టుకోరు.

ఈ వయసు నవలల్లో సగం కథలు దీని గురించే. కొత్త చోటు, కొత్త మనుషులు, ఎవరూ తనతో కూర్చోని మధ్యాహ్న భోజనం, తనను తాను తక్కువ అనుకోవడం, ఒక్క స్నేహం దొరకగానే ఊపిరి పీల్చుకోవడం. వేరే ఊళ్లో, వేరే దేశంలో తన వయసు పిల్లకు ఇలాగే అయిందని చదివితే 'నాకొక్కదానికే ఇట్లా ఉంది' అన్న బెంగ తగ్గుతుంది. 2012లో వచ్చిన ఆర్.జె. పలాసియో 'వండర్'లో ముఖం అందరిలా లేని పదేళ్ల అబ్బాయి మొదటిసారి బడికి వెళ్తాడు. అబ్బాయి చిన్నవాడే. అయినా హాస్టల్‌కు వెళ్లబోయే 15 ఏళ్ల పిల్లలు ఆ పుస్తకాన్ని వదలకుండా చదవడం చూశాను.

ఇంగ్లిష్ బాగుపడుతుందా, మార్కులు పెరుగుతాయా అని కూడా అడుగుతారు. చదవగా చదవగా భాష వస్తుంది, నిజమే. కానీ ఆ మాట పిల్లల ముందు అనకండి. నవలను కూడా సిలబస్‌లో కలిపేశారని వాళ్లకు తెలిసిపోతుంది.

బ్రిడ్జి కోర్సు పేరుతో ఏప్రిల్ నుంచే క్లాసులకు పంపుతున్నవాళ్లకు నా విన్నపం ఒకటే. రోజులో ఒక గంట ఆ పిల్లకే వదిలేయండి. రెండేళ్ల దాకా ఇలాంటి గంట మళ్లీ దొరకదు.

ఈఏపీసెట్ రాసేవాళ్ల సంగతి?

పరీక్ష అయ్యేదాకా వదిలేయండి. అయ్యాక మొదటి రెండు మూడు రోజులు నిద్రపోనివ్వండి. తర్వాత పుస్తకం దగ్గర పెట్టండి.

ఈ నవలల్లో ప్రేమ, చావు, హింస ఉంటాయట కదా?

ఉంటాయి. అన్నిట్లో కాదు, చాలావాటిలో. దాచి లాభం లేదు.

సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' 2008లో వచ్చింది. అందులో 12 జిల్లాల నుంచి ఒక్కో అబ్బాయిని, ఒక్కో అమ్మాయిని ఎంచి, ఒకరినొకరు చంపుకునే పోటీకి దింపి, దాన్ని దేశమంతా టీవీలో చూపిస్తారు. వింటే భయంగానే ఉంటుంది. చదివితే ఆ పుస్తకం కోపమంతా చూసి చప్పట్లు కొట్టేవాళ్ల మీదేనని అర్థమవుతుంది. మార్కస్ జుసాక్ 'ది బుక్ థీఫ్'లో నాజీల కాలపు జర్మనీలో పెరిగే ఒక అమ్మాయి కథను మృత్యువే చెబుతుంది. 14 దాటినవాళ్లు చదవగలరు, ఏడుస్తారు కూడా. ఆ ఏడుపు మంచిదే.

ప్రేమ విషయానికి వస్తే, మన పిల్లలు ఏ సినిమాకు పోయినా చూసేది అదే. నవలలో కనీసం ఆ అమ్మాయి మనసులో ఏముందో కూడా రాసి ఉంటుంది. వెంటపడడాన్నే ప్రేమగా చూపించే పుస్తకాలూ ఉన్నాయి, అవి నాకు ఇష్టం లేదు, మా పిల్లలకు ఇవ్వను. కాబట్టి తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. ముందు మీరు ఓ 50 పేజీలు చదవండి. చదివాక వద్దనిపిస్తే ఎందుకు వద్దో పిల్లకు చెప్పండి. చదవకుండా లాక్కుంటే అదే పుస్తకాన్ని పీడీఎఫ్‌లో, రాత్రిపూట దుప్పటి కింద చదువుతారు. అప్పుడు అడగడానికి మీరు పక్కన ఉండరు.

దిగులు, ఆత్మహత్య లాంటివి ఉన్న నవలల విషయంలో మాత్రం నేను గట్టిగానే ఉంటాను. అలాంటి పుస్తకం చదువుతున్న పిల్లతో రోజూ మాట్లాడాలి. మాటల్లో తేడా కనిపిస్తే, తిండి తగ్గితే, పుస్తకం మీద నెపం వేసి ఊరుకోవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పరీక్షా ఫలితాల రోజుల్లో ఈ నంబర్ ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

మా బాబు ఇంగ్లిష్ మీడియం. తెలుగు మాట్లాడతాడు కానీ పేజీ చదవాలంటే పావుగంట పడుతుంది. ఇంగ్లిష్ నవలలే ఇవ్వాలా?

2018 చట్టంతో మన రాష్ట్రంలో పదో తరగతి దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. అయినా పరీక్షకు చదివే తెలుగు వేరు, 150 పేజీల కథను ఆగకుండా చదివే తెలుగు వేరు. రెండోది అలవాటుతో తప్ప రాదు.

నేను చేసేది చెబుతాను. మొదటి అధ్యాయం నేనే పైకి చదువుతాను, పిల్లలు వింటారు. కథ మంచి పట్టులో ఉండగా పుస్తకం వాళ్ల చేతికిస్తాను. తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంతో ఒక్కో అక్షరం కూడబలుక్కునైనా చదువుతారు. మూడో అధ్యాయానికి వేగం వస్తుంది. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి. ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివి పొద్దున్నే తిరిగిచ్చిన తరం అది. కథను ఎక్కడ ఆపాలో వాళ్లకు బాగా తెలుసు.

ఇంగ్లిష్‌లో సులువుగా చదివే పిల్లలకు ఇంగ్లిష్ నవలే ఇవ్వండి. పక్కన ఒక తెలుగు పుస్తకం ఉంటే చాలు. రెండు భాషల మధ్య పోటీ పెట్టకండి.

తెలుగులో ఈ వయసుకు ఏమున్నాయి?

టీనేజ్ వాళ్ల కోసమే అని రాసిన నవలలు మన దగ్గర తక్కువ. చిన్నపిల్లల కథలు చదివిన వాళ్లను నేరుగా పెద్దల నవలల్లోకి పంపిస్తున్నాం, ఆ మధ్యలోనే చాలామంది చదవడం మానేస్తున్నారు. కానీ ఆ ముద్ర లేకుండానే ఈ వయసుకు చక్కగా సరిపోయేవి ఉన్నాయి.

11, 12 ఏళ్ల వాళ్లకు 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసిన 'తొత్తో చాన్'కు తెలుగు ఇది. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి పంపించేసిన పాప, పాత రైలు పెట్టెల్లో క్లాసులు జరిగే మరో బడికి వెళ్తుంది. కాజీపేట రైల్వే క్వార్టర్స్ పిల్లలకు ఈ పుస్తకం ఇచ్చి చూడండి. ఇది నవల కాదు, జరిగిన కథ. పిల్లలకు ఆ తేడా పట్టదు.

మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కతలు' రెండూ చిన్ననాటి కథలే, ఒకటి అబ్బాయి వైపు నుంచి, ఒకటి అమ్మాయి వైపు నుంచి. ఒక్కో కథ పది నిమిషాల్లో అయిపోతుంది. ఓపిక తక్కువున్న పిల్లలకు ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు. ఖదీర్‌బాబు భాష నెల్లూరు వైపుది. 'ఈ మాటేంది?' అని పిల్లలు అడుగుతారు, అడగనివ్వండి. పుస్తకంలో ఒక ఊరి మాట అచ్చయి ఉండడం చూసి మన పిల్లలకు తమ ఇంటి మాట మీద గౌరవం పెరుగుతుంది.

14 ఏళ్లు దాటితే డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది అడవిలోకి పోతే దాని కోసం వెళ్లిన ముసలివాడి కథ, దాదాపు ఒక్క రాత్రిలో నడుస్తుంది. సన్నటి పుస్తకం. రచయిత చిత్తూరు జిల్లాలో పుట్టినా నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నారు. దీని తర్వాత సిరిసిల్ల ప్రాంతపు రచయిత పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' ఇవ్వండి. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం. ఎలుగును వదిలించుకుంటే భూమి వస్తుందని కొడుకు ఆశ. బిడ్డలా పెంచుకున్న తండ్రికి చేతులు రావు. తండ్రీకొడుకుల్లో ఎవరిది తప్పో పిల్లలు గంటలు గంటలు వాదించుకుంటారు. ఈ వయసుకు ఇంత బాగా సరిపోయే తెలంగాణ నవల ఇంకొకటి చెప్పమంటే నేను ఆలోచించాలి.

16, 17 ఏళ్ల వాళ్లకు అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము'. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన భీము గురించి పాఠంలో ఒక పేజీ చదివిన పిల్లలు, నవలలో ఆ అడవిని, గూడేలను, ఆకలిని చూస్తారు. ఇక ఇంటర్ అయిపోయి డిగ్రీకో ఇంజనీరింగ్‌కో వెళ్లేవాళ్లకు మన వరంగల్ జిల్లా రచయిత నవీన్ 'అంపశయ్య'. ఉస్మానియా హాస్టల్‌లో ఉండే ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజు నడిచే ఆలోచనలే నవల. 1969లో వచ్చింది. చివరికి ఆ నవల పేరే ఆయన ఇంటిపేరైంది. కొంచెం కష్టమైన పుస్తకం, తొందరపడి ముందే ఇవ్వకండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? అన్నీ కొనలేం.

కొనక్కర్లేదు. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. జిల్లా గ్రంథాలయం ఆ డబ్బుతో నడుస్తుంది. సభ్యత్వానికి కట్టే డిపాజిట్ తక్కువ, మానేసినప్పుడు తిరిగి ఇస్తారు. వేసవిలో అక్కడికి వెళ్తే రీడింగ్ హాలంతా గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లతో నిండి ఉంటుంది. పిల్లలు అది చూసి బెదిరి వెనక్కి వస్తారు. మొదటిసారి మీరు వెంట వెళ్లి, పుస్తకాలు ఇంటికిచ్చే విభాగం ఎక్కడుందో అడిగి చూపించండి. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని రాసివ్వండి. పదిమంది అడిగిన పుస్తకం వాళ్ల కంట్లో పడుతుంది.

హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. నిజాం కాలంలో, తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో, ఊరివాళ్లు పట్టుబట్టి నిలబెట్టుకున్న గ్రంథాలయం అది. పుస్తకం కోసం కాకపోయినా పిల్లలను ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

చౌరస్తా షాపుల్లో ఎక్కువగా గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలే ఉంటాయి. నవల కావాలంటే పేరు చెప్పి తెప్పించుకోవాలి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే ఆదివారం పెట్టుకోండి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు చవకగా దొరుకుతాయి. రోడ్డు పక్కన కొత్తగా మెరిసే దొంగ ప్రింట్లు మాత్రం వద్దు. అక్షరాలు అలుక్కుపోతాయి, మధ్యలో పేజీలు ఉండవు, రచయితకు ఒక్క రూపాయి పోదు.

ఫోన్‌లో చదివితే?

కేంద్ర ప్రభుత్వపు 'రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ' ఆప్ ఉచితం, అందులో వయసుల వారీగా పుస్తకాలు ఉంటాయి. కాపీరైట్ తీరిన పాత నవలలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో దొరుకుతాయి. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్', ఎల్.ఎం. మాంట్‌గోమరీ 'యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' అక్కడివే. వాటిలో ఇంగ్లిష్ పాతది, ఎనిమిదో తరగతి దాటాక బాగుంటుంది.

కానీ మొదటి పుస్తకం కాగితం మీదే చదవనివ్వండి. ఫోన్‌లో చదువుతుంటే పైన మెసేజ్ వస్తుంది, వేలు అటు పోతుంది. ఉచిత కథల ఆప్‌లలో పెద్దల కథలు, పిల్లల కథలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి డౌన్‌లోడ్ చేసే ముందు మీరు ఒకసారి చూడండి.

"అక్కా, 30 పేజీలు చదివిన. బోర్ కొడుతుంది. ఆపేస్తే తప్పా?"

తప్పు కాదు. పక్కన పెట్టి ఇంకోటి తీసుకో. రెండు మూడు పుస్తకాలు ఇలా వదిలేశావంటే నీకు ఏ రకం నచ్చదో తెలిసినట్టే. అదేంటో నాకు చెప్పు, దానికి దూరంగా ఉండేది ఇస్తాను.

"సినిమా చూసేసిన. ఇంక పుస్తకం ఎందుకు?"

చూశాక చదివినా బాగుంటుంది. కథ తెలుసు కాబట్టి సినిమాలో వదిలేసినవి కనిపిస్తాయి. 'ది హంగర్ గేమ్స్' పుస్తకమంతా ఆ అమ్మాయే 'నేను' అని చెబుతుంది. తెర మీద మనం ఆమెను బయటి నుంచి చూస్తాం. ఎవరిని నమ్మాలో తెలియక లోపల ఆమె పడే టెన్షన్ పుస్తకంలోనే ఉంటుంది.

"మాంగా, కామిక్స్ చదివితే లెక్కలోకి వస్తాయా?"

వస్తాయి.

ఎండలకు ఏ పనీ చేయబుద్ధి కాదు. ఏ వేళ చదివించాలి?

మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పిల్లలను బయటికి పంపలేం. చదవడానికి ఆ నాలుగు గంటలే మంచి వేళ. కూలర్ ముందు చాప, పక్కన మంచినీళ్లు, అందరి ఫోన్లూ వేరే గదిలో. అందరివీ అంటే పెద్దవాళ్లవి కూడా. పొద్దున్నే లేచే పిల్లలుంటే ఆరింటికి భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. నడక అయ్యాక అరగంట కూర్చుని చదువుకోవచ్చు, ఏడున్నర దాటితే అక్కడా నిలవలేం.

అమ్మమ్మ ఊరికి పంపేటప్పుడు బ్యాగులో రెండు పుస్తకాలు పెట్టండి. ఒకటి నచ్చకపోతే రెండోది ఉంటుంది. రైలు ప్రయాణం అయితే ఇంకా మంచిది. కాజీపేటలో ఎక్కి సిర్పూర్ కాగజ్‌నగర్ వైపు వెళ్లే పిల్లలకు, మీరు దిగే ఊళ్లోనే కాగితం తయారవుతుందని, చేతిలో పుస్తకం ఉండగా చెప్పండి.

చదివాక సారాంశం రాయించాలా?

వద్దు. కఠిన పదాలకు అర్థాలు కూడా రాయించొద్దు. ఎన్ని పేజీలైందని రోజూ అడగొద్దు. అడగాలనిపిస్తే 'ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?' అని కథ గురించి అడగండి.

ఇద్దరు ముగ్గురు కలిసి చదవొచ్చా?

చదవాలి. అపార్ట్‌మెంట్‌లోనో వాడకట్టులోనో నలుగురు పిల్లలుంటే ఒక్కొక్కరు ఒక పుస్తకం కొని మార్చుకుంటే నలుగురికీ నాలుగు. వారానికోసారి ఎవరింట్లోనైనా కూర్చోబెట్టి, మామిడికాయ ముక్కలు ఉప్పూకారం వేసి పెట్టి, మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే పిల్లలు మనకు నచ్చే మాటలే మాట్లాడతారు. అబ్బాయిలు అమ్మాయిల కథలు చదవరని ముందే అనుకోవద్దు, మా దగ్గర 'ఇల్లేరమ్మ కతలు' కోసం అబ్బాయిలే కొట్లాడుకున్నారు.

రేపే మొదలుపెట్టాలి. ఒక్క పేరు చెప్పండి.

11 నుంచి 13 ఏళ్లయితే 'రైలుబడి'. 14, 15 అయితే తెలుగులో 'జిగిరి', ఇంగ్లిష్‌లో 'వండర్'. 16 దాటితే 'ది రూమ్ ఆన్ ది రూఫ్'. హాస్టల్‌కు వెళ్లే పిల్ల అయితే ఏది ఎక్కువ నచ్చిందో కనుక్కుని ఆ పుస్తకం సొంతానికి కొనిచ్చి పంపండి. లైబ్రరీ పుస్తకమైతే గడువు లోపల తిరిగివ్వాలి, హాస్టల్‌లో ఉండగా అది కుదరదు.